పదహారో మెట్టు

రండి, రండి. బూట్లు తలుపు దగ్గరే విడిచి, మంచు దులుపుకుని రండి. వేదాంత్, ఆ హీటర్‌కి అడ్డంగా కూర్చోకు నాన్నా, వెనకవాళ్ళకి కూడా వెచ్చగా ఉండాలిగా. సాన్వీ, నీ పక్కన ఇంకొకళ్ళకి చోటుంది, కొంచెం జరుగు. అందరూ కూర్చున్నారా? ఇవాళ్టి కథలో ఒక లెక్క ఉంది. భయపడకండి, వట్టి మెట్ల లెక్కే. వేళ్ళు చాలకపోతే పక్కవాళ్ళవి అరువు తీసుకోండి.

మన ఊళ్ళో, ఈ నోవైలోనే, లక్ష్మీపతిగారని ఒకాయన ఉన్నారు. కార్లకి బ్రేకులు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. ఆయనకి రెండు ఇళ్ళు. ఒకటి తాము ఉంటున్న పెద్ద ఇల్లు, రెండోది అద్దెకిచ్చిన టౌన్‌హౌస్. మూడు నెలలకోసారి, మొదటి శనివారం పొద్దున పది గంటలకల్లా ఆయన ఆ అద్దె ఇంటి ముందు కారు ఆపుతారు. చంకలో, ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్‌కి వేసే ఫిల్టర్, ప్యాంటు జేబులో కొలిచే టేపు, చొక్కా జేబులో చిన్న నోటుబుక్కు. పాత ఫిల్టర్ తీసి కొత్తది పెడతారు. సింకు కింద చెయ్యి పెట్టి తడి ఉందేమో చూస్తారు. పొగ అలారం బటన్ నొక్కి, అది కీచుమనేదాకా ఆగుతారు. చివరగా పైకి వెళ్తూ మెట్లు లెక్కపెట్టి, ఆ అంకె నోటుబుక్కులో వేసుకుంటారు.

ఆ మెట్లు లెక్కపెట్టాల్సిన మెట్లే మరి. ఇల్లు ఖాళీగా ఉంటే పదమూడు. ఒక మనిషి వచ్చి ఉంటే పద్నాలుగు, ఇద్దరుంటే పదిహేను. వాళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోతే మర్నాటికి మళ్ళీ పదమూడు. కింది అంతస్తు, పై అంతస్తు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. కార్పెట్ వేసేవాళ్ళు ముందుగా ఫోన్ చేసి, ఇంట్లో ఎంతమంది ఉంటున్నారో కనుక్కుని, దాన్నిబట్టి సరుకు తెచ్చుకుంటారు. సిటీ నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టర్ తన ఫారంలో మెట్ల సంఖ్య అన్నచోట "మారుతుంటుంది" అని రాసి, సంతకం పెట్టి, ఇంకో ఇంటికి వెళ్ళిపోయాడు.

చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళకి మెట్టు రాదు. పాతికేళ్ళ కిందట లక్ష్మీపతిగారు, ఆయన భార్య కృష్ణకుమారిగారు, రెండేళ్ళ కూతురు హాసిని ఆ ఇంట్లో దిగినప్పుడు మెట్లు పదహారయ్యాయి. హాసిని స్నేహితురాలు ఆద్య రోజూ స్కూలు బస్సు దిగి తిన్నగా వాళ్ళింటికే వచ్చేది. ఎన్నేళ్ళు ఆడుకున్నా ఆ పిల్లకి మెట్టు రాలేదు. "నాకెందుకు రాదు?" అని ఒకరోజు మెట్ల మీదే కూర్చుని ఏడిస్తే, కృష్ణకుమారిగారు జంతికలు పెట్టి ఊరుకోబెట్టారు. అదే కృష్ణకుమారిగారి అమ్మ ఆరు నెలలకని వచ్చారు చూడండి, రెండో నెలలో ఆవిడ వెనకవైపు బచ్చలి తీగ పాకించి, "మా ఇంటి బచ్చలి" అని పక్కింటి అమెరికా ఆవిడకి ఒక కట్ట ఇచ్చి వచ్చారు. తెల్లారేసరికి పదిహేడో మెట్టు ఉంది. మనిషికి ఇది నా ఇల్లు అనిపించాలన్నమాట. అప్పుడే వస్తుంది.

తరవాత వాళ్ళు అయిదు పడగ్గదుల పెద్ద ఇల్లు కొనుక్కుని వెళ్ళారు. హాసిని చదువు అయిపోయి సియాటిల్‌లో ఉద్యోగంలో చేరింది. పెద్ద ఇంట్లో ఇద్దరే మిగిలారు. అక్కడ మెట్లు నున్నటి ఓక్ చెక్కవి, పద్నాలుగు. హాసిని ఉన్నప్పుడూ పద్నాలుగే, వెళ్ళాకా పద్నాలుగే. "ఈ ఇంటికి మనం ఉన్నామో లేదో కూడా పట్టదండీ" అని కృష్ణకుమారిగారు అప్పుడప్పుడు అనేవారు. లక్ష్మీపతిగారు టీవీ సౌండు కొంచెం పెంచేవారు.

ఇక టౌన్‌హౌస్ సంగతి. రెండేళ్ళ కిందట అందులో ఉన్న కుటుంబంలో ఒక చిన్నవాడు, హాలు ఈ చివర నుంచి ఆ చివరదాకా, నీలం మార్కరుతో గోడ మీద రైలు వేశాడు. పద్దెనిమిది పెట్టెలు. కిటికీ కిటికీకి ఒక తలకాయ. ఆ గోడకి మూడు కోటింగులు వేశాక కూడా ఎండపడినప్పుడు రైలు కనిపించేది. అప్పట్నుంచి లక్ష్మీపతిగారు ఒక నిర్ణయానికి వచ్చారు. ఇల్లు ఖాళీ అవగానే నోవై తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఇలా పెట్టారు: "టూ బెడ్‌రూమ్ టౌన్‌హౌస్ అద్దెకు. తెలుగు వెజిటేరియన్ కపుల్ ఓన్లీ. నో కిడ్స్ ప్లీజ్."

గంటలో పాతిక మంది బొటనవేళ్ళు పెట్టారు. ఒక్కరూ తప్పనలేదు. వాళ్ళూ అలాంటి ప్రకటనలే పెట్టుకున్నవాళ్ళు.

అలా వచ్చినవాళ్ళే ఫణి, అంకిత. టెక్సస్‌లో ఇర్వింగ్ నుంచి, ఫణికి ఇక్కడ ఉద్యోగం రావడంతో కారు నిండా గిన్నెలేసుకుని వచ్చారు. లక్ష్మీపతిగారు వాళ్ళని కూర్చోబెట్టి అడిగారు.

"ఎగ్ తింటారా?"

ఫణి, అంకిత ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

"కేకులో ఉంటే తింటామండీ" అన్నాడు ఫణి.

"కేకు పరవాలేదు" అని లక్ష్మీపతిగారు లీజు కాగితం ముందుకి తోశారు. ఆయనే టైపు చేసుకున్న లీజు. ఇద్దరు పెద్దవాళ్ళు మాత్రమే ఉండాలి, పిల్లలు కూడదు అని ఏడో లైను. అంకిత ఆ లైను దగ్గర ఆగింది. ఇర్వింగ్‌లో ఉండగా ఆమెకి రెండుసార్లు కడుపు వచ్చి పోయింది. ఆ మాట వాళ్ళు ఎవరితోనూ అనరు. "హెచ్-వన్ వీసా మీద ఉన్నవాళ్ళం, చిన్నదానికి గొడవెందుకు" అని ఫణి మెల్లగా అన్నాడు. ఇద్దరూ సంతకాలు పెట్టారు. వాళ్ళు దిగిన మర్నాటికి మెట్లు పదిహేను. ఆగస్టు మొదటి శనివారం కూడా పదిహేనే.

అక్టోబరులో ఒక పొద్దున, అంకిత ఉతికిన బట్టల బుట్ట పట్టుకుని పైకి వెళ్తూ, పదిహేను ఎక్కేశానని కాలు చాచింది. బొటనవేలికి ఏదో తట్టింది. బుట్ట పక్కన పెట్టి చూస్తే, అన్నిటికన్నా పైన, ఒక కొత్త మెట్టు. గోరంత ఎత్తు. మిగతా మెట్లలాగే దానికీ అంచు ఉంది, కార్పెట్ ఉంది. ఆ మెట్టు పక్కనే కూర్చుని ఫణికి ఫోన్ చేసింది.

"ఫణీ, మెట్టు వచ్చింది."

"ఏం మెట్టు? మీటింగ్‌లో ఉన్నా."

"చిన్న మెట్టు."

ఫణి మీటింగ్‌లోంచి లేచి బయటికి వచ్చేశాడు. డాక్టర్ పరీక్షలో తెలిసింది ఆ తరవాత నాలుగు రోజులకి.

ఎంత సంతోషపడ్డారో మీరే ఊహించుకోండి. రెండు రోజులు అలాగే ఉన్నారు. మూడో రోజు అంకితకి ఏడో లైను గుర్తొచ్చింది. ఈసారి బరువులు ఎత్తొద్దు, అలిసిపోవద్దు, కంగారు పడొద్దు అని డాక్టర్ గట్టిగా చెప్పింది. మంచు పడే రోజుల్లో ఇల్లు వెతుక్కోవడం, సామాను సర్దుకోవడం అంటే ఆమె వల్ల అయ్యే పని కాదు. "కొన్నాళ్ళు చెప్పొద్దు" అనుకున్నారు. ఒక మందపాటి కాళ్ళపట్టా తెచ్చి చిన్న మెట్టు మీద పరిచారు.

నవంబరు మొదటి శనివారం వచ్చింది. లక్ష్మీపతిగారు ఫిల్టర్ మార్చారు, సింకు చూశారు, అలారం కీచుమనిపించారు, మెట్లెక్కడం మొదలుపెట్టారు. పైన ఫణి టీ కప్పు పట్టుకుని పట్టా మీద నిలబడి ఉన్నాడు.

"పద్నాలుగు, పదిహేను... ఫణీ, కొంచెం జరుగు."

"ముందు టీ తీసుకోండి, చల్లారిపోతుంది."

"టీ తరవాత. కాలు తియ్యి."

ఫణి ఒక కాలు తీశాడు.

"రెండోది కూడా."

లక్ష్మీపతిగారు వంగి పట్టా ఎత్తారు. టేపు తీసి కొలిచారు. ఒక అంగుళం.

"ఎవరు వచ్చారు ఇంట్లోకి?"

"ఎవరూ రాలేదండీ."

"మెట్టు ఉందిగా."

"పాతదేమోనండీ" అన్నాడు ఫణి. వాడికి అబద్ధాలు చెప్పడం అలవాటు లేదు, చెవులు ఎర్రబడ్డాయి.

లక్ష్మీపతిగారు క్లోజెట్లు తెరిచి చూశారు. కోట్లు, ఒక సైకిలు పంపు, ఇంకా విప్పని రెండు అట్టపెట్టెలు. బేస్‌మెంట్‌లో ఇస్త్రీ బల్ల. మూడో మనిషి జాడే లేదు. అంకిత పడగ్గది గుమ్మం పట్టుకుని నిలబడి చూస్తోంది. "తమ్ముడైతే తమ్ముడని చెప్పు, ఫ్రెండైతే ఫ్రెండని చెప్పు. అబద్ధం ఆడితే మాత్రం నేనొప్పుకోను" అని, టీ తాగకుండానే ఆయన వెళ్ళిపోయారు.

కోపం ఎక్కువగా ఉన్నప్పుడు సలహాలు కూడా దొరుకుతాయి. ఆ మధ్యాహ్నం గుడి భోజనశాలలో జితేందర్ అనే ఆయన, పులిహోర కలుపుకుంటూ అన్నాడు. "గింత దానికి పరేషానెందుకన్నా? ఆళ్ళు ఆఫీసుకు పోంగనే తాళం మార్చెయ్యి. లేకుంటే రెండు దినాలు హీట్ బంద్ పెట్టు. ఈ చలికి ఆళ్ళే పోతరు."

లక్ష్మీపతిగారు గుడి నుంచి తిన్నగా హార్డ్‌వేర్ షాపుకి వెళ్ళి కొత్త తాళం కొన్నారు. ఇంటికొచ్చి, వారంలో ఖాళీ చేయమని ఒక నోటీసు టైపు చేసి, మడిచి జేబులో పెట్టుకున్నారు. అప్పుడు భార్యకి సంగతంతా చెప్పారు.

కృష్ణకుమారిగారు దోసె తిప్పబోతున్నవారు ఆగారు.

"ఎంత ఎత్తుందీ మెట్టు?"

"అంగుళం."

"అంగుళమే?"

"అంగుళమైతే మాత్రం? మనిషి మనిషేగా, నాకు చెప్పకుండా పెట్టుకోవచ్చా?"

దోసె మాడింది. కృష్ణకుమారిగారు స్టవ్ కట్టేసి, మొగుడి మొహంలోకి ఒకసారి చూశారు. ఆవిడకి అర్థమైపోయింది. కానీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటారా? మీరు లెక్క తప్పు చేస్తే నేను జవాబు చెప్పేస్తానా? ఎక్కడ తప్పిందో మళ్ళీ మొదట్నుంచి వేయిస్తాను. ఆవిడా అంతే. "రేపు ఆదివారం. ఆద్య లైబ్రరీలో కూర్చుంటుంది. ఆ పిల్ల చూశాకే నోటీసు ఇవ్వండి" అన్నారు.

మెట్టు రాలేదని ఏడ్చిన ఆద్యే. ఇప్పుడు లాయరు. ఒక ఇల్లో రెండు ఇళ్ళో అద్దెకిచ్చుకునే చిన్న ఓనర్లకి, ఆదివారం మధ్యాహ్నాలు లైబ్రరీ గదిలో ఉచితంగా సలహాలు చెప్తుంది. ఇక్కడే పుట్టిన పిల్ల, తెలుగు కొంచెం అటూ ఇటూ అవుతుంది, కానీ సిగ్గుపడకుండా మాట్లాడుతుంది. అది నేర్చుకోండి ఆ అమ్మాయి దగ్గర.

"హాయ్ అంకుల్! ఆంటీ జంతికలు పంపించిందా?"

"పంపించింది. ముందు ఈ నోటీసు చూడమ్మా."

ఆద్య నోటీసు చదివింది. లీజు చదివింది. తరవాత వాట్సాప్ చూపించమంది. చూసి, ఫోను బల్ల మీద బోర్లా పెట్టింది.

"అంకుల్, ఇది మీరే రాసావా?"

"నేనే. మన గ్రూపేగా."

"గ్రూప్‌లో ఎంతమంది ఉన్నారు?"

"తొమ్మిది వందల పైచిలుకు."

"అయితే అది అడ్వర్టైజ్‌మెంట్. ఫెయిర్ హౌసింగ్ లా ఏం చెప్తుంది అంటే, ఇల్లు అద్దెకి ఇచ్చేటప్పుడు జాతి, రంగు, మతం, ఏ దేశం నుంచి వచ్చారు, ఆడా మగా, డిసెబిలిటీ, పిల్లలు ఉన్నారా, ఇవి చూసి కాదు అనకూడదు. మన స్టేట్‌లో వయసు, పెళ్ళి కూడా ఉంది. 'తెలుగు ఓన్లీ' తప్పు. 'నో కిడ్స్' తప్పు. వెజిటేరియన్ ఒక్కటే అయితే నేను కోర్టులో ఏదో ఆర్గ్యూ చేస్తాను. తెలుగు పక్కన పెట్టావు కాబట్టి మతం అడిగినట్టే ఉంది."

"నేను చిన్న ఓనర్నమ్మా. పెద్ద అపార్ట్‌మెంట్ కంపెనీనా?"

"చిన్న ఓనర్‌కి కొన్నిచోట్ల ఎక్సెప్షన్ ఉంది. అడ్వర్టైజ్‌మెంట్‌కి లేదు. ఏడో లైను కూడా కొట్టెయ్యాలి. దానికి విలువ లేదు."

"సంతకం పెట్టారుగా వాళ్ళు!"

"సంతకం పెట్టినా తప్పు తప్పే అంకుల్. ఇంకా ఏం ప్లాన్ చేశారు?"

లక్ష్మీపతిగారు కొంచెం గొంతు తగ్గించి తాళం సంగతి చెప్పారు. హీటు సంగతి కూడా చెప్పారు, జితేందర్ పేరు మాత్రం చెప్పలేదు.

"తాళం ఎక్కడుంది?"

"కార్లో."

"రసీదు ఉందా?"

"ఉంది."

"వెళ్తూ వెళ్తూ రిటర్న్ చెయ్యండి. తాళం మార్చడం, హీట్ ఆపడం, సామాను బయట పెట్టడం, ఏదీ ఓనర్ చెయ్యకూడదు. నిజంగా ఎవరైనా లీజు తప్పితే, కాగితం మీద నోటీసు ఇవ్వాలి, కారణం రాయాలి, చట్టం చెప్పిన టైమ్ ఇవ్వాలి. వినకపోతే కోర్టుకి వెళ్ళాలి. జడ్జి మీ మాట వింటారు, వాళ్ళ మాట వింటారు. ఆర్డర్ ఇస్తే కోర్టు మనిషి వచ్చి ఖాళీ చేయిస్తాడు. మీరు కాదు."

ఇరవై అయిదేళ్ళుగా బ్రేకులు పరీక్షించిన మనిషి లక్ష్మీపతిగారు. నియమం అంటే ఆయనకి గౌరవం. నోటుబుక్కు తీసి ఒక్కొక్కటీ రాసుకున్నారు. చివరికి అడిగారు, "మరి ఆ మూడో మనిషి?"

"ఎంత ఎత్తు అన్నారు?"

ఆయన బొటనవేలు, చూపుడువేలు దగ్గరగా పట్టి చూపించారు. ఆద్య జంతిక కొరకబోతూ ఆగి, అచ్చం కృష్ణకుమారిగారు చూసినట్టే చూసింది.

"రెండు బెడ్‌రూముల్లో ముగ్గురు ఉంటే ఓకే అంకుల్. ఎక్కువ కాదు. ఇంకొకటి కూడా రాసుకో. పిల్లలున్న ఫ్యామిలీకి ఏ రక్షణ ఉందో, కడుపుతో ఉన్నవాళ్ళకీ అదే ఉంది. మీరు అడగకూడదు. దాని గురించి ఖాళీ చెయ్యమనకూడదు."

"అది నాకెందుకమ్మా, అక్కడ ఎవరూ..."

"ఊరికే రాసుకోండి. కంప్లీట్ నోట్స్ ఉండాలి కదా."

ఆయన రాసుకున్నారు. నాలుగు వారాల తరవాత మళ్ళీ వెళ్ళి కొలవమని ఆద్య చెప్పింది. ముందుగా మెసేజ్ పెట్టి, వాళ్ళు సరే అన్నాకే వెళ్ళమంది. తాళం ఆ సాయంత్రమే షాపుకి తిరిగెళ్ళింది.

ఆ నాలుగు వారాలు అంకిత ఎలా గడిపిందో చెప్పనా? బయట కారు చప్పుడైతే చాలు, కిటికీ దగ్గరికి వెళ్ళేది. ఒకచోట అట్టపెట్టెలు రెండు విప్పకుండా ఉన్నాయన్నాను చూడండి, వాటి పక్కన ఇంకో నాలుగు చేరాయి, పొమ్మంటే సర్దుకోవడానికి. మెసేజ్ వచ్చిన రోజున ఫణి, "ఈసారి దాచొద్దు. ఏమంటారో అననీ" అన్నాడు. పట్టా తీసి మడిచి పెట్టేశారు.

డిసెంబరు శనివారం, మంచు పడుతోంది. లక్ష్మీపతిగారు బూట్లు విప్పి, మెట్లెక్కి, పైన వంగి టేపు పెట్టారు. రెండుంపావు అంగుళాలు. నోటుబుక్కులో వేసుకున్నారు. ఒక అంగుళం, దాని కింద రెండుంపావు. పెద్దవాళ్ళెవరైనా వచ్చి ఉంటే ఒక్క రాత్రిలో పూర్తి మెట్టు లేస్తుంది, బచ్చలి తీగ నాడు అత్తగారికి లేచినట్టు. ఇది రోజురోజుకీ పెరుగుతోంది. ఆయన ఆ రెండు అంకెల వంక చూస్తూ, ఊతం కోసం చెయ్యి మెట్టు మీద ఆనించారు.

మెట్టు వెచ్చగా ఉంది. బయట అంత మంచు, మిగతా మెట్లన్నీ చల్లగా ఉన్నాయి. అదొక్కటే, అప్పుడే దించిన ఇడ్లీ పళ్ళెంలాగా, వెచ్చగా.

ఆయన అలాగే చెయ్యి తియ్యకుండా కూర్చుండిపోయారు. కింద ఫణి నిలబడి ఉన్నాడు. గుమ్మంలో అంకిత, రెండు చేతులూ శాలువాలో దాచుకుని. నోటుబుక్కు పేజీలు వెనక్కి తిప్పితే ఆద్య చెప్పిన చివరి వాక్యం కనిపించింది. అడగకూడదు. ఖాళీ చెయ్యమనకూడదు.

"ఫణీ" అన్నారు.

"చెప్పండి" అన్నాడు ఫణి.

"ఈ పైమెట్టు మిగతావాటికన్నా చిన్నది. చూసుకోకపోతే కాలు తట్టుకుంటుంది. హ్యాండ్‌రైలు పదిహేనో మెట్టు దగ్గరే ఆగిపోయింది. ఓనర్‌గా అది నా తప్పు. వచ్చే శనివారం పైదాకా పొడిగిస్తాను. మీకు వీలవుతుందా?"

అంకిత గుమ్మం దగ్గరే నేల మీద కూర్చుని, శాలువా మొహానికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

"వీలవుతుందండీ" అన్నాడు ఫణి.

"లీజు కూడా కొత్తది రాయించాను. ఏడో లైను లేదు అందులో. అది రాయడం నా పొరపాటమ్మా. ఇక టీ ఇవ్వండి, పోయినసారిది కూడా బాకీ ఉంది."

ఆ సాయంత్రం లక్ష్మీపతిగారు వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టారు. "నేను ఇదివరకు పెట్టిన అద్దె ప్రకటన తప్పు. ఇల్లు అద్దెకివ్వాలంటే అందరికీ ఒకే పద్ధతి. ఆదివారం రెండింటికి లైబ్రరీలో ఆద్య ఉంటుంది, ఇళ్ళున్నవాళ్ళు ఒకసారి కలవండి." ఈసారి బొటనవేళ్ళు మూడే వచ్చాయి. కానీ ఆ ఆదివారం లైబ్రరీ గదిలో కుర్చీలు చాలలేదు. జితేందర్ నిలబడే విన్నాడు.

ఇంట్లో లక్ష్మీపతిగారు కృష్ణకుమారిగారిని, "నీకు ముందే తెలుసా?" అని అడిగారు.

"దోసె ఊరికే మాడుతుందేంటండీ" అన్నారావిడ.

హ్యాండ్‌రైలు వచ్చింది. మార్చిలో మెట్టు అయిదంగుళాలయింది. హాలు గోడలకి, ఒక చిన్న చెయ్యి అందేంత ఎత్తుదాకా, తడిగుడ్డతో తుడిస్తే పోయే రంగు వేయించారు లక్ష్మీపతిగారు. ఎందుకని ఆయన చెప్పలేదు, వాళ్ళు అడగలేదు. జూన్ చివర్లో పాప పుట్టింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజున, ఫణి పాప ఉన్న కారు సీటు చేత్తో పట్టుకుని ఎక్కుతుంటే, పదహారో మెట్టు మిగతా పదిహేనింటితో సమానంగా ఉంది. వెంట్రుకవాసి తేడా లేదు.

అంకిత వాళ్ళమ్మకి వీసా అపాయింట్‌మెంట్ దొరకలేదు. పురుడు పోసేవాళ్ళెవరూ లేరు. "నలభై రోజులు నేనుంటాను" అని కృష్ణకుమారిగారు చిన్న పెట్టె పట్టుకుని వెళ్ళారు. పెద్ద ఇంట్లో ఒక్కరే ఏం తింటారు? లక్ష్మీపతిగారు ఆఫీసు నుంచి తిన్నగా అక్కడికే వచ్చి, అందరితో కలిసి వెల్లుల్లి కారం అన్నం తిని, పాపని కాసేపు భుజాన వేసుకుని తిప్పి, ఇంటికి వెళ్ళేవారు. ఆగస్టు మొదటి శనివారం ఫిల్టర్ మార్చి మెట్లెక్కితే, పదిహేడు వచ్చాయి.

ఆదివారం లైబ్రరీకి వెళ్ళారు.

"ఆద్యా, లీజులో లేని మనిషి ఒకరు ఉంటున్నారమ్మా."

"మళ్ళీనా? ఎవరు అంకుల్?"

"మీ ఆంటీ."

ఆద్య చాలాసేపు నవ్వింది. "నాకు ఎన్నేళ్ళు ఆడుకున్నా రాలేదు. ఆంటీకి నెలన్నరలో వచ్చిందా? దిస్ ఈజ్ నాట్ ఫెయిర్." తరవాత కళ్ళు తుడుచుకుని, ఆయన ఫైలు మూసేసింది.

నలభై రోజులూ అయ్యాయి. కృష్ణకుమారిగారు పెట్టె పట్టుకుని తిరిగొచ్చేశారు. మెట్టు మాత్రం పోలేదు. ఎలా పోతుంది, ఆవిడ పొద్దున పాపకి నూనె రాయడానికి వెళ్తే మళ్ళీ మధ్యాహ్నానికే ఇంటికి రావడం! అంకిత మళ్ళీ ఆఫీసుకి వెళ్ళడం మొదలుపెట్టాక అదీ లేదు. లక్ష్మీపతిగారు సాయంత్రాలు అటే వెళ్ళి ఆవిణ్ణి తీసుకొస్తారు, తీసుకొచ్చేముందు గంటో రెండు గంటలో ఉంటారు. పెద్ద ఇంట్లో టీవీ సౌండు ఎంత పెట్టాలో ఆయన మరిచిపోయారు.

నవంబరు వచ్చింది. మొదటి శనివారం. ఫిల్టర్ మార్చారు, సింకు చూశారు, అలారం కీచుమంది, పాప ఉలిక్కిపడి ఏడ్చింది, ఊరుకోబెట్టారు. పాపని భుజాన వేసుకుని మెట్లెక్కడం మొదలుపెట్టారు. మీరు కూడా వేళ్ళు తియ్యండి. ఖాళీ ఇంటికి పదమూడు. ఫణికి, అంకితకి, పాపకి, కృష్ణకుమారిగారికి ఒక్కొక్కటి. పదిహేడు. ఆయన పదిహేడు అని, పై అంతస్తు నేల మీద వెయ్యబోయినట్టు కాలు ముందుకి వేశారు.

బొటనవేలికి మళ్ళీ ఏదో తట్టింది.

ఆయన ఆగారు. ఎక్కడా పట్టా లేదు, కింద ఎవరూ దాక్కోలేదు. ఒక మెట్టు, పూర్తి ఎత్తుది, కొత్త కార్పెట్ వాసన వేస్తూ ఉంది. మోకాళ్ళ నొప్పులున్న మనిషికి ఎక్కడానికి వీలుగా, అంచు కొంచెం గుండ్రంగా కూడా ఉంది.

"ఎంత వచ్చిందండీ?" అని కింద నుంచి ఫణి అడిగాడు.

లక్ష్మీపతిగారు ఒక చేత్తో పాపని పట్టుకుని, రెండో చేత్తో జేబులోంచి నోటుబుక్కు తీశారు. కలం దొరకలేదు. కొంచెంసేపు చూసి, నోటుబుక్కు మళ్ళీ జేబులో పెట్టేసుకున్నారు.

"సరిపోయింది" అన్నారు. అని, ఆ మెట్టు ఎక్కారు.

ఇంతే కథ. లేవండి ఇక, కాళ్ళు తిమ్మిరెక్కి ఉంటాయి. వేదాంత్, నీ బూట్లు ఎడమా కుడీ చూసి వేసుకో. మీ అమ్మలు పప్పుచారు పోపు వేసిన వాసన ఇక్కడిదాకా వస్తోంది. ఇళ్ళకి వెళ్ళి అన్నాలు తినండి, వేడిగా ఉండగానే. మీ ఇంట్లో మెట్లు ఎన్నున్నాయో తిన్నాక లెక్కపెట్టుకోవచ్చు.